మోత మారేదాక

వడ్ల రాజమల్లయ్య రెండోసారి పిలిస్తే గాని తల తిప్పేవాడు కాదు. సిద్దిపేటలో దాన్ని పెద్దరికం అనుకునేవారు. బండి చక్రాలు చేయడంలో అంతటి పనివాడు ఒక్క పిలుపుకే పలికితే ఏం బాగుంటుందని ఆయనా ఊరుకున్నాడు.

యుద్ధం ముగిసిన ఏడాది, దసరాకు ముందు, తొగుట కాశయ్య బండి చక్రంలో నడిమి నుంచి అంచుకు పోయే ఆకుల్లో ఒకటి విరిగితే కొత్తది వేసిచ్చాడు. వారం తిరగకముందే కోమటి చెరువు కట్ట దిగుతుంటే ఆ చక్రం ఒరిగి కూలబడింది. మక్కల బస్తాలు, వాటి మీద కూర్చున్న కాశయ్య అత్త పోచవ్వ, వరసగా బురదలోకి జారారు. పోచవ్వకు దెబ్బ తగల్లేదు, కోపం మాత్రం వచ్చింది. అల్లుడితో చక్రం దొర్లించుకుంటూ నేరుగా రాజమల్లయ్య వాకిట్లోకే వచ్చింది.

"ముప్పయ్యేండ్ల సంది నా చక్రం ఒక్కటి కూలలే," అన్నాడు రాజమల్లయ్య. "బరువు ఎక్కువేసినవ్."

"ఏడు బస్తాలే మామా."

"మరి మీ అత్త?"

"నేనెంత బరువు," అంది పోచవ్వ. "బురదలకెల్లి నన్ను ఇద్దరే లేపిన్రు."

ఇనుప పట్టా వదులైందేమోనని చూశాడు. బిగువుగానే ఉంది. ఇరుసు వంగిందేమోనని చూశాడు. వంగలేదు. చక్రం కూలినోడు కర్ర చెక్కే బాడిసె కింద పెట్టి పని మానుకోవాలని, ఎల్లన్న అనే మరో వడ్లాయన గురించి నలుగురిలో అన్నది ఆయనే.

చివరికి పట్టా ఊడదీసి, కొత్త ఆకు బయటికి లాగాడు. నడిమి దిమ్మలో అది దిగాల్సిన రంధ్రం అడుగున వేలెడు జాగాలో దుమ్ము పేరుకుని ఉంది. అంటే ఆకు పూర్తిగా దిగలేదు. కొయ్య సుత్తితో దిగ్గొడుతుంటే డొల్ల మోత గట్టి మోతగా మారాలి. అందాక ఆపకూడదు.

దుమ్ము దులిపి, ఆకు పెట్టి, సుత్తితో కొట్టి ఆపాడు.

"ఇన్నరా, మోత మారింది."

"మారలే మామా," అన్నాడు కాశయ్య మెల్లగా.

"ఏమన్నవ్?"

"మారలేదంటున్నడు," అని అరుగు మీద బియ్యం ఏరుతున్న రాజమల్లయ్య భార్య కిష్టవ్వ గట్టిగా చెప్పింది.

రాజమల్లయ్య సుత్తి దించాడు. "ఎన్నొద్దుల సంది గిట్ల?"

"నిరుటి సంది. పిట్టలు కూస్తలేవేందని అడిగినవ్. నీకు కోపమొస్తదని చెప్పలే. నీతోని అరిచి అరిచి నేను గయ్యాళిదాన్నని వాడకట్టంత పేరొచ్చింది."

ఆయన బాడిసె తీసి నేల మీద పెట్టాడు.

"తియ్యన్నా, అది తియ్యి," అంది పోచవ్వ. "చెయ్యి మంచిగనే ఉన్నది. చెవి అరుగు మీదున్నది, గంతే."

కిష్టవ్వ చాట పక్కన పెట్టి వచ్చి చక్రం దగ్గర కూర్చుంది. ఆయన కొట్టాడు. పదకొండో దెబ్బకు ఆమె చెయ్యెత్తింది. రాజమల్లయ్య ఆకు మీద అరచేయి ఆనించి చూసి, బాడిసె భుజాన వేసుకున్నాడు.

చక్రం బిగించాక పోచవ్వ బండెక్కింది గాని, కట్ట దిగేకాడ మాత్రం దిగి నడిచింది.

తర్వాత కూడా రాజమల్లయ్య రెండో పిలుపుకే పలికేవాడు. కాకపోతే ఇప్పుడు వచ్చినవాళ్ల మొదటి పిలుపు కిష్టవ్వకు, రెండోది ఆమె నోట ఆయనకు.