సారు సున్నం వేసిన సగం స్లాబు

సారు పోయాడని మంగళవారం పొద్దున కబురు వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మా బడి స్లాబు మీద ఆయన వేసిన సున్నాన్ని కమిటీ తారుతో కప్పేసిందన్న కోపం. ఏళ్లుగా మోస్తున్నాను.

ఆయన బడిలో సైన్సు సారు. వేల్పూర్ మనిషి. బోధన్ పక్కన మా చెరుకు ఊరికి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏటా ఎండలు ముదరకముందే తానే సున్నం నానబెట్టి, పాత చీపురుతో స్లాబు సగం తెల్లగా చేసేవాడు. మిగతా సగం పిల్లలకు తేడా తెలియాలని వదిలేసేవాడు, అది పాచి పట్టి నల్లగానే ఉండేది. ఆయన గోళ్లలో సున్నం ఎప్పటికీ పోయేది కాదు.

ఒక మధ్యాహ్నం చెరుకు చేను నుంచి వస్తున్న నన్ను స్లాబు పైకి పిలిచాడు.

“అన్నా, చెప్పులిడిసి తెల్లదాని మీద నిలబడు. ఇగ నల్లదాని మీదికి రా.”

ఎగిరి దూకాను. “నా కాళ్లేమన్న మక్క కంకులా సారూ, కాల్చుక తింటవా?”

నవ్వాడు. “ఉత్తరాన సముద్రం మీద తేలే మంచు గీ సున్నం అసొంటిదే అన్నా. ఎండను మళ్ల పైకే తోలుతది. అది కరిగితే కింద నల్ల నీళ్లు. ఎండను మింగుతయ్. మింగినకొద్ది ఇంకింత మంచు కరుగుతది.”

“అయితే మా చెరుకుకు వాన పడదా?”

“భూమంత వేడెక్కితే వానలు కూడ తీరు మారుతయ్. ఏ ఏడు ఎంత పడ్తదో నాకు తెల్వది. తెల్వనిది చెప్తే నేను సారునెట్లయిత?”

అరవై దాటాక నాకు సంతకం నేర్పింది ఆయనే. సున్నం గోళ్లతో నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు.

ఆ తర్వాతి వానకు స్లాబు కురిసింది. కురిసింది నల్ల సగమే. కమిటీ మొత్తం తారు పోద్దామంది. “సారు పిచ్చికి సగం ఇడిసిపెట్టాల్నా?” అని ఒకడంటే అందరూ నవ్వారు. నేనూ మెంబరునే. నవ్వి, సంతకం పెట్టాను. నా జన్మలో మొదటి సంతకం అది.

సారు ఆ కాగితం చూశాడు. “అక్షరం గుండ్రంగ కుదిరింది అన్నా,” అన్నాడు.

ఇన్నేళ్లు కమిటీని తిట్టి అలసిపోయాను. తిట్టాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన ముందు ఆ మాట అనలేకపోయాను.

కమిటీవాళ్లూ, సగం స్లాబు నాకు ఇవ్వండి. తారు మీద సున్నం నిలవదంటారు. నిలవకపోతే ఏటా వేస్తాను. పిల్లలు రెండింటి మీదా నిలబడాలి. ఇస్తారా, ఇవ్వరా? ఆదివారం లోపు చెప్పండి. మా వాకిట్లో డ్రమ్ములో సున్నం బుసబుసమని ఉడుకుతోంది. పక్కన సారు చీపురు ఉంది.