కునుకు గారి కిటికీ

ఆ ఆఫీసు హెడ్ గుమాస్తా గారికి ఒక్కటే జబ్బు. ఏ ఉత్తరం చదివి వినిపించినా కళ్లు మూసుకుంటారు. అందులోని సంగతి కళ్లకు కట్టినట్టు కనపడితే సంతకం, లేకపోతే చెత్తబుట్ట. ఆఫీసంతా కలిసి ఆయనకు పెట్టిన పేరు కునుకు గారు. అయిదు కొట్టగానే ఎండావానా లేకపోయినా గొడుగు తీసుకుని మాయమయ్యేవారు. మిగిలిన నిద్ర ఇంట్లో పోతారని అందరి నమ్మకం.

ఆ కునుకులకు పన్నెండేళ్లుగా కాగితాలు చదువుతున్నది టైపిస్టు. ఒకసారి ఆవిడ "నీటి సరఫరా యందు అంతరాయము సంభవించును" అని చదివితే ఆయన పావుగంట కళ్లు తెరవలేదు.

"అంతరాయం ఎలా ఉంటుందమ్మా? నల్లగా ఉంటుందా?" అన్నారు.

"రేపు నీళ్లు రావు, ఇవాళే పట్టుకోండి" అని మార్చి కొట్టాక గానీ ఆయనకు బిందెలు కనపడలేదు.

ఆ రోజు మాత్రం తొందర ఉంది. రోడ్డు కోసం కూల్చే ఇళ్ల జాబితాలోంచి ఒక దర్జీ ఆవిడ ఇంటిని ఆ పొద్దునే తీసేశారు. సాయంత్రంలోగా ఆ మాట అందకపోతే ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతుంది. టైపిస్టు గబగబా చదివింది: "పై సూచికలో ఉదహరించిన కూల్చివేత ఉత్తర్వులు ఇందుమూలముగా ఉపసంహరించుకొనడమైనది."

కునుకు గారు కళ్లు మూసుకున్నారు. "ఇల్లు కూలిపోయిందమ్మా. దుమ్ము తప్ప ఏమీ కనపడట్లేదు."

"కూలలేదు సార్. కూల్చట్లేదు."

"మరి ఆ ముక్కే రాయొచ్చుగా."

"ఆఫీసరు గారు ఒప్పుకోరండి."

"ఆయన్ని కూడా ఒకసారి కళ్లు మూసుకోమను."

టైపిస్టు పళ్లు నూరుకుంటూ మళ్లీ కొట్టింది: "అమ్మా, మీ ఇల్లు కూల్చం. మీరు అక్కడే ఉండండి."

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. "కనపడుతోంది. కిటికీ పక్కన కుట్టుమిషను. దాని మీద ఎండ."

ఈయనకు పిచ్చి ముదిరిందనుకుంటూ టైపిస్టు ఉత్తరం తనే పట్టుకుని పరుగెత్తింది. వెళ్లేసరికి దర్జీ ఆవిడ సామానంతా బండికెక్కించేసింది. మూటల మీద మిషనును తాడుతో కట్టారు. ఆవిడ ఉత్తరం చదువుకుంది. అర్థమేమిటని ఎవర్నీ అడగలేదు. కాసేపు గుమ్మంలో కూర్చుని, లేచి తాడు ముడులు విప్పడం మొదలుపెట్టింది.

"నిన్న సాయంత్రం గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చారమ్మా," అంది. "ఎక్కడ కూర్చుని కుడతారని అడిగారు. ఆర్డరు రాకుండా ఏమీ చెప్పలేనన్నారు. చాలాసేపు అలా చూస్తూ కూర్చుని వెళ్లారు."

ఆ గొడుగు ఎవరిదో టైపిస్టుకు తెలుసు. పన్నెండేళ్ల సాయంత్రాలు, ఎన్ని గుమ్మాలో. తను అన్నాళ్లూ ఆయన్ని నిద్రమొహమనుకున్నందుకు ఆవిడకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

బండివాడు మిషను దించి, "ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

టైపిస్టు కళ్లు మూసుకుంది.

"కిటికీ పక్కన," అంది.