కోటకు తూర్పు తలుపు

2009 మే పదహారు, శనివారం, పొద్దున పదిన్నర. కోట బేరం ఆ గడియలోనే తప్పిపోబోయింది. ఇవాళ మా అమ్మాయి పొయ్యి మీద కాఫీ మరిచిపోతే, ఆ మాడు వాసనకు ఎలెన్ వచ్చి నా పక్కన నిలబడినట్టే అయింది. ఆవిడ కాఫీ ఎప్పుడూ అదే వాసన. బాగుండేది కాదు. ఆ మాట మొహం మీదే అనేదాన్ని. ఆవిడ ఇంకో కప్పు పోసేది.

అమెరికాలో మేముండే పిస్కాటవేకి గంట దూరంలో, గుట్ట మీద, రెండు బురుజుల రాతికోట. రాజులు కట్టింది కాదు. బొత్తాల ఫ్యాక్టరీతో డబ్బు చేసినవాడు కట్టుకుని దివాలా తీశాడు. గుర్రప్పందేల మనిషి కొని, పందేల్లోనే పోగొట్టుకున్నాడు. తర్వాత నన్స్ చాలా ఏళ్లున్నారు. చివరికి ఒక డాక్టరు కొని పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాడు. నన్స్ కాలంలో వంటకు చేరిన ఎలెన్, యజమానులు మారినా గేటు పక్క గదిలోనే ఉండిపోయింది. ప్రసాద్ కేటరింగ్ తరఫున నేను వంటకు వెళ్లినప్పుడల్లా, నిలబడే బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఈ కథంతా మొదటినుంచీ చెప్పేది. నాకొచ్చిన ఇంగ్లీషు ఆ బంగాళాదుంపల దగ్గరదే.

అక్షరాలూ అక్కడివే. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒకేలా ఉండేవి. నేను వేలు ముంచి రుచి చూడటం ఆవిడ కంటపడింది.

"పైన రాసుందిగా?" అంది. నేను మొహం తిప్పుకున్నాను.

"రాకపోతే అడుగు. తెలిస్తే చెప్పు. మధ్యలో నోరు మూసుకుంటే ఎవరికి లాభం?"

ఆ డబ్బాలతోనే నేర్పింది. అప్పటికి నాకు యాభై దాటాయి. తెలుగు అక్షరాలు తర్వాత మనవరాలి ఆదివారం బడి పుస్తకంలో పట్టుకున్నాను.

డాక్టరు కోటను అమ్మకానికి పెట్టాడు. మా కేటరింగ్ ప్రసాద్ కొంటే ఎలెన్ గది ఎలెన్‌దే. లేదంటే అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ కొని, అంతా పడగొడతాడు. ఆ శనివారం ప్రసాద్, అతని భార్య లలిత వాస్తు చూడటానికి శాస్త్రిగారిని తీసుకొచ్చారు. కార్‌లో ఆయనకు కోట కథ చెప్పింది నేనే. నన్స్ దాకా రాకముందే గుట్ట వచ్చేసింది.

పెద్ద తలుపు ముందు దిక్సూచి పెట్టి శాస్త్రిగారు తల అడ్డంగా ఊపారు. "దక్షిణ ద్వారం బాబూ. బొత్తాలాయన, గుర్రాలాయన ఏమయ్యారో విన్నారుగా."

"వద్దులెండి. డాక్టర్‌కి కాల్ చేసి కాన్సిల్ చేసేస్తా," అన్నాడు ప్రసాద్.

ఏమంటున్నారని ఎలెన్ నన్నడిగింది. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. చేతిలో చీపురు మాత్రం వదల్లేదు.

"ఆగండి శాస్త్రిగారూ, కథ ఇంకా అవలేదు," అన్నాను. "నన్స్ ఈ గడప తొక్కలేదు. వాళ్ల రాకపోకలన్నీ వంటింటి తలుపునే. చల్లగా బతికారు. అక్కడ పెట్టండి మీ దిక్సూచి."

అందరం చుట్టూ తిరిగి వెళ్లాం. శాస్త్రిగారి మొహం వెలిగింది. "శుద్ధ తూర్పు! దీన్నే సింహద్వారం చేసుకోండి. పాలు ఇక్కడే పొంగించండి."

"పెళ్లివారిని వంటింట్లోంచి తీసుకెళ్తామా పిన్నిగారూ? గెస్ట్‌లు నవ్వరూ?" అంది లలిత.

"నవ్వుతూనే వస్తారమ్మా, ముందు పులిహోర వాసన తగుల్తుంది."

ప్రసాద్ నావైపు అనుమానంగా చూశాడు. "పిన్నీ, నిజం చెప్పండి. ఎలెన్ కోసం అల్లేశారా?"

"ఆవిడ ఇక్కడే ఉందిగా, అడుగు."

అడిగాడు. "ముందు తలుపు బిషప్ వచ్చినప్పుడే తీసేవాళ్లం," అంది ఎలెన్. "గడియకు నూనె రాసి రాసి నా చేతులరిగాయి."

ప్రసాద్ నవ్వేశాడు. డాక్టరుకు ఫోన్ చేశాడు, సరేనని చెప్పడానికి. ఎలెన్ వంటింటి మెట్టు మీద కూలబడి బూట్ల తాళ్లు వదులు చేసుకుంది. పని మధ్యలో ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

ఆరేళ్ల తర్వాత ఆ గదిలోనే, తన మంచం మీదే కన్ను మూసింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె కుదుటపడుతుంది. రానిది అడుగుతాను, తెలిసింది చెప్పేస్తాను. నోటి దురుసు మనిషినని మా అల్లుడంటాడు. అననీ.

ఆ రోజు ఆ మెట్ల దగ్గర ఉన్నది ప్రసాద్, లలిత, శాస్త్రిగారు, ఎలెన్, ఈ పేర్లన్నీ తన చేత్తో రాస్తున్న రత్తమ్మ.