చుక్కలు పడితే ఆగే ఊరు

ఒక ఊరు మునిగిపోతుంటే అందులోని జనాన్నంతా వెంటేసుకుని ఇంకో లోకానికి దాటించినవాణ్ణి నేను. నాంపల్లి స్టేషన్‌లో మెట్ల వంతెన ఎక్కాలంటే మధ్యలో ఆగి, పోస్టర్లు చదువుతున్నట్టు నటించే ముసలివాణ్ణి. అయినా వందలమందిని ఒంటిచేత్తో నడిపించాను. పాడీ పంటా, కోళ్ళూ కొట్టాలూ, అన్నిటితో సహా.

ఇక్కడిదాకా చదివి ఎవరైనా లేచి దండం పెట్టబోతుంటే కూర్చోండి. వందలమంది కాదు, ఇరవైమంది ఉంటారేమో. కోళ్ళూ పంటలూ ఫోనులో బొమ్మలు. ఆ ఊరు ఒక ఆన్‌లైన్ ఆట. ఇక "నడిపించాను" అన్న మాట సంగతి తరవాత చూద్దాం. బాగుంది కనుక కాసేపు ఉండనివ్వండి.

ఆ ఆటలోకి నన్ను లాగింది మా వదిన, మా పెద్దన్న భార్య. కింది పోర్షన్‌లో ఆమె ఉంటుంది, పైన నేను. సుల్తాన్ బజార్‌లో ఆడపిల్లల బడిలో తెలుగు టీచరుగా చేసింది. ఆమె పద్యం చదివితే బయట గాజుల బండి దగ్గర బేరాలు ఆగిపోయేవి. (కొంచెం పెంచాను. మెల్లగా సాగేవి.) గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయ్యాక ప్రాణం దక్కింది గానీ మాట దక్కలేదు. ఇప్పుడు నన్ను పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. చుట్టాలు వస్తే కాసేపు ఆమెకేదో చెవుడు వచ్చినట్టు గట్టిగట్టిగా అరిచి, తరవాత నా వైపు తిరిగి మాట్లాడుకుంటారు. ఆమె కాగితం మీద జవాబు రాసేలోపు ముచ్చట ఇంకో గల్లీలోకి తిరిగిపోయి ఉంటుంది.

ఆటలో అట్లా కాదు. అక్కడ గొంతు ఎవరికీ లేదు. ఏటి ఒడ్డున చిన్న ఊరు, కూరగాయల మళ్ళు, ఒక చెక్క వంతెన. మాట టైపు చేస్తే మన బొమ్మ తల మీద బుడగలో కనిపిస్తుంది. టైపు చేస్తున్నంతసేపూ తల మీద మూడు చుక్కలు ఆడుతుంటాయి. వదిన టైపింగు నిదానం. అబిడ్స్‌లో వెతికి, ఫోనుకు తగిలించుకునే చిన్న కీబోర్డు కొనిచ్చాను. అయినా ఒత్తు తప్పుగా పడితే చెరిపి మళ్ళీ కొట్టేది. టీచరమ్మ కదా.

అందువల్లనే అక్కడొక ఆచారం పుట్టింది. వదిన తల మీద చుక్కలు పడితే అందరూ ఆగాలి. మొదలుపెట్టింది గౌలిగూడ అమ్మాయి, ఒక ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టికెట్లు ఇచ్చే పిల్ల. "ఆగుండ్రి, టీచరమ్మకు చుక్కలు పడ్డయి" అని కొట్టేది. అంతే, మడికి నీళ్ళు పెట్టేవాడు చెంబు దించేవాడు. కరీంనగర్‌లో ఒకరు, విశాఖలో ఒకరు, దుబాయ్‌లో గోదాం పని చేసే అతనొకరు, ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేవారు. అప్పుడు వచ్చేది వదిన మాట. వస్తే నా మీదే. "మా మరిది వంకాయలు అమ్ముతున్నడు. పుచ్చులుంటయి. చూసి తీసుకోండ్రి."

ఆపరేషన్ తరవాత ఆమె మాట కోసం ఎవరైనా ఆగింది ఆ ఒక్క ఊళ్ళోనే.

ఒక మధ్యాహ్నం ఆట తెరవగానే నోటీసు కనిపించింది. ఆడేవాళ్ళు తగ్గిపోయారట, నెలాఖరుకు మూసేస్తారట. వదిన చదివి, అద్దాలు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ చదివింది. ఆఖరి రోజు అందరం వంతెన మీద చేరాం. ఆమెకు చుక్కలు పడ్డాయి. అందరం ఆగాం. మాట పూర్తి కాకముందే తెర తెల్లబడిపోయింది. ఏం చెప్పబోయావని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"కొత్త ఊరు నేను దేవులాడుత. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని ఫోన్ గ్రూపులో ప్రకటించింది మాత్రం నేనే. ముందు దొరికింది తుపాకుల ఆట. మాలో సుల్తాన్ బజార్ చీరల దుకాణం ఆయన ఒకడు ఉన్నాడు. వాళ్ళ తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈ చీరల ఆయన ఆ ఆటలో దిగీ దిగగానే చచ్చాడు. "ఇదేంటండి బాబాయ్ గారూ, నమస్కారం అనేలోపే కాల్చేశారు" అని గ్రూపులో వాపోయాడు. "ధర చెప్పి ఉంటవు" అని కొట్టింది వదిన.

రెండోసారి నేను పట్టుకొచ్చింది మాత్రం అద్భుతమైన లోకం. కొండలు, సరస్సు, సరస్సు మీద తేలే దీపాలు. పైగా అందులో టైపు చేసే బాధ లేదు, మైకులో మాట్లాడుకోవచ్చు. నలుగురి గొంతులూ నిజంగా వినిపించేసరికి నాకు పండగైంది. మా ఆఫీసు ముచ్చట్లు, ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జనంలో తప్పిపోయి ఒక మంత్రిగారి పక్కన ఫొటో దిగిన ముచ్చట (మంత్రి కాదు, మంత్రి డ్రైవరు) మొదలుపెడితే దుబాయ్ అతను పగలబడి నవ్వేవాడు. నేను ఇంకొకటి ఎత్తుకునేవాణ్ణి.

అక్కడ చుక్కలు లేవు. టైపు చేసిన మాట తెర కింద మూలన సన్న అక్షరాల్లో వచ్చి పైకి జారిపోయేది. వదిన వేసిన జోకు మేము మూడో ముచ్చటలో ఉండగా దిగేది. "టీచరమ్మ దేని గురించి అంటున్నరు?" అన్నాడొకసారి దుబాయ్ అతను, మంచిగానే. "ఏం లేదు" అని కొట్టింది ఆమె. తరవాత నవ్వు బొమ్మ ఒక్కటే పెట్టేది. తరవాత అదీ లేదు. కళ్ళు నొప్పులేమో అనుకున్నాను. వినేవాళ్ళు దొరికిన ముసలివాడికి అంతకన్నా ఎక్కువ ఆలోచించే తీరిక ఉండదు.

ఒక రోజు కింద నుంచి చప్పట్లు వినిపించాయి. దిగి వెళ్ళాను. కీబోర్డు దాని డబ్బాలో పెట్టి, దారం కట్టి, నా చేతికిచ్చింది. కాగితం మీద రాసింది: "ఎవరికన్నా ఇయ్యి."

"ఏమైంది వదినె? ఊరు మంచిగ లేదా?"

ఆమె కాగితం తిప్పి వెనక రాసింది. "మంచిగనే ఉన్నది. గాడ గూడ మా చుట్టాలే ఉన్నరు."

మెట్లెక్కి పైకొచ్చాక గానీ అది నాకు పూర్తిగా తగల్లేదు.

ఆదివారం అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి వచ్చిన చీరల ఆయన్నీ, సెలవున్న గౌలిగూడ అమ్మాయినీ ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. అమ్మాయి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి, "తాతా, మీకిప్పుడు ఎర్కైందా?" అంది.

"నీకు ముందే ఎర్కనా? మరి చెప్పొద్దా?"

"ఎప్పుడు చెప్పాలె? మీరు జర ఆగితే గదా."

"నిజమేనండి బాబాయ్ గారూ," అన్నాడు చీరల ఆయన, నా కళ్ళలోకి చూడకుండా సాసర్‌లో చాయ్ పోసుకుంటూ. "మీ మాటల్లో దూరడమంటే దసరా ముందు మా షాపు ఎదురుగా బండి పెట్టడమే. ఎక్కడా సందుండదు."

ఇంకో ఆట వెతుకుదామన్నాను. ఆ పిల్ల అప్పటికే వెతికిందట. "అన్నిట్ల మైకులే ఉన్నయి. చుక్కల ఊరు ఏడ లేదు తాతా. ఊరు గట్ల లేకపోతే మనమే గట్లుందాం. మైకులు బంద్ చేసి టైపు కొడదాం."

"చుక్కల్లేకుండా ఆవిడ రాస్తున్నారని తెలిసేదెలా?" అన్నాడు చీరల ఆయన. తనే మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాడు. ఆ ఆటలో బొమ్మ చెయ్యెత్తే బటన్ ఒకటి ఉందట.

గ్రూపులో మిగిలినవాళ్ళను ఒప్పించింది అమ్మాయే. ఒక్కరూ కాదనలేదు. వదినకు కూడా తనే మెసేజ్ పెట్టింది: "ఒక్కపారి రాండ్రి టీచరమ్మా. నచ్చకపోతే మళ్ల అడుగం." నేను చేసిందల్లా డబ్బా దారం విప్పి కీబోర్డు కిందికి మోసుకెళ్ళడం. కాబట్టి "నడిపించాను" అన్న మాట ఇక్కడ తీసి పక్కన పెడుతున్నాను. నడిపించింది ఆ పిల్ల.

అయితే ఒక్కటి మాత్రం ఎవరికీ వదలను. ఆ మధ్యాహ్నం సరస్సు ఒడ్డున అందరం చేరినప్పుడు మొట్టమొదట మైకు ఆపింది నేను. బటన్ నొక్కిన మరుక్షణం లోకమంతా నిశ్శబ్దమైపోయింది. పెద్దవాడు దారి చూపిస్తే చిన్నవాళ్ళు అట్లా అందుకుంటారు.

 వదిన బొమ్మ చెయ్యెత్తింది. ఇరవైమందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చాలాసేపటికి మూలన సన్న అక్షరాల్లో మాట దిగింది.

"బతుకంత పిల్లలతోని చెయ్యెత్తిపిచ్చిన. ఇప్పుడు నా వంతొచ్చింది. అందరు అన్నం తిన్నరా?"

ఒక్కొక్కరూ జవాబు కొట్టారు. తిన్న టీచరమ్మా, పప్పుచారు. తిన్నానండి, పెసరట్టు మిగిలితే అదే. డ్యూటీల ఉన్న, ఇంకా తినలే. ఆ చివరి మాటకు వదిన మళ్ళీ చెయ్యెత్తి దుబాయ్ అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. అతను పని మధ్యలో తిట్లు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు.

వాళ్ళలో చాలామంది ముఖం నేను చూడలేదు. అందరికీ మంచి గొంతులున్నాయి. రోజంతా పనిచేసి వచ్చి గలగలా మాట్లాడుకోవాలని వాళ్ళకూ ఉంటుంది. అయినా రోజూ కాసేపు ఆ గొంతులు పక్కన పెడుతున్నారు, మా వదిన కోసం. నేను ఎప్పుడైనా ఎవరికైనా రుణపడ్డానంటే వీళ్ళకే. ఈ వాక్యంలో మాత్రం ఏమీ పెంచలేదు.

ఇదంతా రాసి, అచ్చుతప్పులు చూడమని వదినకిచ్చాను. అద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. నేను ఎదురుగా కూర్చుని ఆగాను. తెర మీద ఒక్కొక్క అక్షరమే పడుతూ వచ్చింది.

"తప్పులు తక్కువనే ఉన్నయి. అబద్ధం ఒక్కటున్నది. ఆ దినం నువ్వు ఒత్తింది మైకు బటన్ గాదు, స్పీకర్‌ది. గందుకే నీకు సప్పుడు వినరాలె. నువ్వు మాత్రం మాట్లాడుతనే ఉన్నవు. గౌలిగూడ పిల్ల నిన్ను మ్యూట్ చేసింది. ఇంకా తియ్యలె."