మేపుల్ చెట్టు పుస్తకంలో ఒక్క గీత

నా చిన్నప్పుడు, మేము అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో టౌన్‌హౌస్‌లో ఉన్న రోజుల్లో, పక్కింటి ఆంటీకి ఆరు జపనీస్ మేపుల్ చెట్లు ఉండేవి. పెరడు చూస్తే రెండు కార్లు పట్టేంత. ఆంటీది కాకినాడ. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఆదివారం తెలుగు చర్చికి వెళ్లేవారు, మిగిలిన తీరిక అంతా ఆ చెట్లకే. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెట్టి వరసగా రాసుకునే అలవాటు అప్పటికే వచ్చేసింది. ఒకరోజు ఆ ఆరు చెట్ల రకాలు, ఎత్తులు, ఒక్కో ఆకు ఎన్ని పాయలుగా చీలి ఉందో, అన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లి చూపించాను. ఆంటీ నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఒక చోట ఎత్తు తప్పని చెప్పి, టేపు తెచ్చి మళ్లీ కొలిపించారు. ఆ రోజు నుంచి నేను ఆవిడకి అసిస్టెంట్‌ని.

ఆ అక్టోబరులో ఏడో చెట్టు కొనడానికి నన్నూ మా అమ్మనీ నర్సరీకి తీసుకెళ్లారు. ఎర్రగా మండిపోతున్న వరసలు చూసి అమ్మా నేనూ రంగుల వెంట పడ్డాం. ఆంటీ మాత్రం ఒక్కో చెట్టుకి కట్టిన చీటీని తిప్పి చదువుతూ నడిచారు. ఆవిడ చూసేది రంగు కాదు. పదేళ్లకి ఇది ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అవుతుంది, మధ్యాహ్నపు ఎండకి ఆకు మాడుతుందా, తన ఇంట్లో ఏ కిటికీలోంచి కనిపిస్తుంది, ఇవే ప్రశ్నలు. అమ్మ ముచ్చటపడిన ‘బ్లడ్‌గుడ్’ రకం నిటారుగా పెరిగి కంచె దాటిపోతుందని వద్దన్నారు. చలికాలంలో పగడంలా ఎర్రబడే బెరడున్న ‘సాంగో కాకు’ అప్పటికే ఒకటుంది. చివరికి నా నడుం దాకా వచ్చే ‘క్రిమ్సన్ క్వీన్’ దగ్గర ఆగారు. దారపుపోగుల్లా సన్నగా చీలిన ఆకులు, గొడుగులా కిందికి వాలిన కొమ్మలు. అలాంటి ఆకారం కోసం ఆవిడ రెండేళ్లుగా వెతుకుతున్నారట. వసంతంలో తూర్పు వైపు నాటాలనీ, అప్పటిదాకా కుండీలోనే ఉంచాలనీ అనుకున్నారు.

డిసెంబరు మొదట్లో వాళ్లక్కగారికి ఆపరేషన్ అని కబురొచ్చింది. ఆంటీ హడావిడిగా కాకినాడ బయల్దేరారు. వెళ్లేముందు ఆ కుండీని మా వెనకవైపు గోడ వారగా పెట్టించి, నాకొక కొత్త నోట్‌బుక్ ఇచ్చారు. లోపలి అట్ట మీద మూడే మాటలు రాశారు. చెట్టు బయటే ఉండాలి. వారానికోసారి మట్టిలో వేలు పెట్టి, పొడిగా ఉంటేనే కాస్త నీళ్లు పొయ్యాలి. ఏం చేసినా పుస్తకంలో రాయాలి.

నెల రోజులు అక్షరం తప్పకుండా పాటించాను. జనవరిలో చలి ముదిరింది. మా ఇంట్లో, ఆ వీధిలోని ప్రతి తెలుగింట్లోలాగే, కరివేపాకు కుండీ అక్టోబరులోనే హాల్లోకి వచ్చేసింది. హీటర్ గాలి తగిలే మూల దానిది. ఆ కరివేపాకుకి మా ఇంట్లో పసిబిడ్డకి జరిగినంత సేవ జరిగేది. ఒక సాయంత్రం అమ్మ గాజు తలుపులోంచి మంచులో మోడులా నిలబడ్డ మేపుల్‌ని చూసి, “పాపం, కరివేపాకు లోపల వెచ్చగా పడుకుంది, ఇదేం చేసిందిరా?” అంది. అట్ట మీది మాట గుర్తుంది నాకు. కానీ ఒక్క ఆకు లేని ఆ చెట్టు చచ్చిపోతోందన్న భయం అంతకన్నా పెద్దది. నాన్న నడుం పట్టుకుని కుండీని లోపలికి తెస్తూ, “దీనికి కూడా వీసా ఎక్స్‌టెన్షన్ మనమే చెయ్యాలా?” అని విసుక్కున్నాడు. దాన్ని కరివేపాకు పక్కనే పెట్టాం.

ఆ రాత్రి పుస్తకంలో ‘బయటే ఉంది, బాగుంది’ అని రాశాను. ఆంటీ వచ్చాక చిగుళ్లతో ఆశ్చర్యపరచవచ్చు కదా, అప్పుడు నిజం చెప్పవచ్చు అనుకున్నాను. తరవాతి వారమూ అదే రాశాను. మొదటిసారి రాయడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి అంత పట్టలేదు.

మూడు వారాలకి నిజంగానే చిగుళ్లు వచ్చాయి. పసిపిల్లల పిడికిళ్లలా ముడుచుకున్న ఎర్రటి ఆకులు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టేవాణ్ని. నలభై ఒకటి దాకా వెళ్లాక లెక్క వెనక్కి నడిచింది. హీటర్ పొడిగాలికి ఆకుల అంచులు కరకరలాడాయి. కొమ్మలు తోటకూర కాడల్లా వాలిపోయాయి. అమ్మ బియ్యం కడిగిన నీళ్లు పోసింది, కరివేపాకుకి పోసినట్టే మజ్జిగ నీళ్లు పోసింది. ఏదీ పనిచెయ్యలేదు.

ఫిబ్రవరి చివరి శనివారం పొద్దున ఆంటీ విమానం దిగుతున్నారు. అమ్మ వంటలో ఉంది. నేను మిగిలిన ఎండుటాకుల్ని ఒక్కొక్కటే గిల్లేసి చెత్తబుట్టలో వేశాను. కుండీని, మంచు మీద జారే నా స్లెడ్ బండి మీదకి ఎలాగో ఎక్కించి బయటికి లాక్కెళ్లి గోడ వారగా పాత చోటే పెట్టాను. ఇప్పుడది చలికాలపు మేపుల్ ఎలా ఉండాలో అలాగే ఉంది. కింద మంచులో స్లెడ్ గీతలు కూడా చీపురుతో చెరిపేశాను.

మధ్యాహ్నం ఆంటీ కాజాల పెట్టెతో వచ్చారు. వాళ్లక్కగారు కోలుకున్నారని అమ్మకి చెప్పి, టీ కూడా తాగకుండా నాతో వెనక్కి వచ్చారు. చెట్టు దగ్గర కూర్చుని ఒక కొమ్మని వేళ్ల మధ్య నిమిరారు. ఆకు గిల్లిన చోట మిగిలిన చిన్న చిన్న మొనల మీద ఆవిడ బొటనవేలు ఆగింది. తరవాత మట్టిలో వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. నా వైపు చూడకుండానే పుస్తకం అడిగారు. అక్కడే మెట్టు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు.

“మా ల్యాబ్‌లో కూడా ఇంత నీట్‌గా రాయరు, అబ్బాయ్,” అన్నారు.

“థ్యాంక్స్ ఆంటీ,” అన్నాను.

“ఇవాళ రాత్రికి పదిహేను డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోద్దంట, నీళ్లు గడ్డకట్టే చలి కన్నా బాగా కిందికి. చలికాలమంతా బయటే ఉన్న చెట్టుకి అదో లెక్క కాదు. ఇది నిద్రపోవాలంటే చలి కావాలి. అదే వెచ్చగా ఉండి నిద్ర లేచిన చెట్టయితే మాత్రం పొద్దుటికి చచ్చిపోద్ది.” పుస్తకం మూసి నా చేతికిచ్చారు. “నేను ల్యాబ్‌కి వెళ్తే ముందు షిఫ్ట్ వాళ్లు ఏం రాశారో చదివి, అది నమ్మి పని మొదలెడతాను. చెట్టుని అడగలేం కదా. పుస్తకం బయటే అంటోంది. సరే, బయటే ఉంచుదాం.”

కాజా ఒకటి తీసి నా చేతిలో పెట్టి, ఆవిడ వాళ్లింటి వైపు నడిచారు. మా రెండిళ్ల మధ్య కంచెకి చిన్న తలుపు ఉండేది. అక్కడిదాకా పద్నాలుగు అడుగులు. లెక్క నాకు గుర్తుంది, ఎందుకంటే ఒక్కో అడుగుకీ చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. ఆవిడ గడియ మీద చెయ్యి వేశారు.

“ఆంటీ, బుక్ రాంగ్.”

ఆవిడ వెనక్కి తిరిగారు. “ఏ పేజీ?”

“జనవరి నుంచి. మొత్తం.”

తిడతారనుకున్నాను. అలా అడిగినప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉందంటే, అచ్చం నా కాగితంలో ఎత్తు తప్పని చెప్పిన రోజులాగే. ఏ రోజు లోపల పెట్టారు, హీటర్‌కి ఎంత దూరం, చిగురు ఎప్పుడొచ్చింది, ఎన్ని ఆకులు, ఎప్పుడు వాడాయి, బయట పెట్టి ఎన్ని గంటలైంది, వరసగా అడిగారు. అన్నిటికీ జవాబులున్నాయి నా దగ్గర. ఒక్కటీ మర్చిపోలేదు, ఒక్కటీ రాయలేదు, అంతే. మాటలు విని అమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. “అక్కా, వాణ్ని ఏమనకండి, లోపల పెట్టమన్నది నేనే,” అంది. “అయితే నువ్వూ ఓ సంతకం పెట్టమ్మా,” అన్నారు ఆంటీ.

నేను లోపలికి పరిగెత్తి రబ్బరు తెచ్చాను, అబద్ధాలన్నీ చెరిపేసి మళ్లీ రాద్దామని. ఆంటీ దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి, ‘బయటే ఉంది, బాగుంది’ అన్న వాక్యం మీద ఒకే ఒక్క గీత గీశారు. కింద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన నిజం రాయించి, ఆ రోజు తేదీ వేయించి, నా పొడి అక్షరాలు పెట్టించారు. ల్యాబ్‌లో తప్పు అలాగే కొడతారట. కొట్టేసింది కూడా కనపడాలట, లేకపోతే తరవాత వచ్చినవాడికి ఏం జరిగిందో తెలియదట. తొమ్మిది వాక్యాలు అలా కొట్టాను. చివర ఆవిడ తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. ‘బయటే ఉంచమని రాశాను, ఎందుకో రాయలేదు. ఈ తప్పు నాది.’ దాని కింద ఆవిడ సంతకం.

నాన్న మళ్లీ నడుం పట్టుకుని కుండీని ఆంటీ గరాజ్‌లోకి మోశాడు. అక్కడ హీటర్ లేదు, నీళ్లు గడ్డకట్టేంత చలీ లేదు. ఏప్రిల్ చివరిదాకా ఆ చెట్టుని ఎండ ఉన్న రోజు బయటికి తేవడం, సాయంత్రం లోపల పెట్టడం నా డ్యూటీ. కొమ్మ మీద గోరుతో సన్నగా గీకి చూస్తే బతికున్న చోట పచ్చగా కనిపించేది. కుడివైపు పచ్చదనం లేదు. ఆంటీ ఆ కొమ్మలన్నీ రంపంతో కోసేశారు. మే రెండో వారంలో ఎడమవైపు చిగుళ్లు వచ్చాయి. అంటు కట్టిన చోటుకి పైనుంచే వచ్చాయని కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి చెప్పారు. కిందినుంచి వస్తే అది మనం కొన్న చెట్టు కాదట. గొడుగులో సగమే మిగిలింది. ఆవిడ దాన్ని తూర్పున, ఖాళీ వైపు గోడకి తిప్పి నాటారు. కిటికీలోంచి చూసేవాళ్లకి అది పూర్తి చెట్టులాగే కనిపించేది. దాని వెనకవైపు ఏముందో ఆ రెండిళ్ల వాళ్లకే తెలుసు.

ఇప్పుడు నేను అదే ఊళ్లో ఒక డేటా సెంటర్‌లో పనిచేస్తున్నాను. నా తరవాతి షిఫ్ట్ వాళ్లు నేను రాసింది చదివి పని మొదలుపెడతారు. నా చేతి వల్ల ఏదైనా చెడితే, బాగుచెయ్యడానికి ముందే, ఏం చేశానో ఎప్పుడు చేశానో రాసేస్తాను. రాసేటప్పుడు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎవరైనా తడబడుతూ నా దగ్గరికొచ్చి తప్పు జరిగిందంటే, నేను వాళ్లని అడిగే మొదటి మాట ఒక్కటే: ఏ పేజీ? ఆ మాటని ఎంత మెల్లగా అడగాలో నాకు తెలుసు. అలా అడిగితే, ఇంకా బతికించగలిగింది ఏదో మిగిలే ఉందని వినేవాడికి అర్థమవుతుంది.