బండ మీద నవ్వే చేప

ఈ సాయంత్రం మా బాబు సాక్సులు ఉతకడానికి తిరగేస్తే లోపలినుంచి తెల్లటి రాతిపొడి రాలి గచ్చు మీద పడింది. మా కాలనీలో ఉన్నవన్నీ సిమెంటు రోడ్లు, వాడి బడిలో ఆడుకునేది ఎర్రమట్టిలో. వేళ్ల మధ్య నలిపితే పిండిలా జారిపోయే ఈ పొడి మా చుట్టుపక్కల ఒక్కచోటే ఉంటుంది. రాళ్లు తీసుకుపోయి, వదిలేసిన క్వారీ గుంతల దగ్గర. తొమ్మిదేళ్ల వాడిని దగ్గరికి పిలిచి, గొంతు పెంచకుండా, ఎక్కడికి పోయావురా అని అడిగాను. వాడు తడుముకోలేదు.

"చేప కాడికి పోయినం మమ్మీ. బండ మీద నవ్వుకుంట ఉంటది జూడు, గా చేప. నీళ్లల్లకు దిగలే, ఒట్టు."

"నన్ను తోల్కపోలే," అని ఆరేళ్ల చెల్లెలు వాడి వెనక మూతి ముడిచింది.

నీళ్లలోకి దిగలేదన్న మాటకు నా గుండె కుదుటపడాలి. పడలేదు. ఆ చేపను ఆ బండ మీద గీసింది నేనే.

మా ఆయన రాత్రి డ్యూటీలో ఉన్నారు. పిల్లలు నిద్రపోయారు. వాకిలి గొళ్లెం రెండుసార్లు చూసి వచ్చి, ఇలా కూర్చుని రాస్తున్నాను. కాలేజీ రోజుల్లో లోకానికి ఏదో మంచి చేద్దామని నలుగురిని పోగేసి, పేరు పెట్టి, చొక్కాలు కుట్టించిన నా ఈడువాళ్లు ఎవరైనా చదివితే, నేను చెప్పబోయేది వాళ్లకు కొత్తగా అనిపించకపోవచ్చు.

పదమూడేళ్ల కిందట నేను మేడ్చల్‌లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆ వేసవిలో, ఇంటర్ పరీక్షలు అయిపోయిన మరునాడు, మా చిన్నమ్మ కొడుకు శామీర్‌పేట అవతల వాళ్ల ఊరి క్వారీ గుంతలో మునిగి చనిపోయాడు. వాడికి పదిహేడేళ్లు. ఈత రానివాడేం కాదు, వ్యవసాయ బావిలో చిన్నప్పుడే నేర్చుకున్నాడు. కానీ బావికి మెట్లుంటాయి, పట్టుకోవడానికి రాయో వేరో దొరుకుతుంది. గుంతకు నాలుగు పక్కలా నిలువునా కోసిన నున్నటి బండ తప్ప కాలు ఆనే అంచు ఉండదు. మా తమ్ముడు చాలాసేపు ఈదాడట, ఎక్కడానికి చోటు దొరకలేదట. ఈ "అట"లన్నీ ఒడ్డున నిలబడి కేకలు వేసిన వాడి స్నేహితులు చెప్పినవి. వాళ్ల చేతిలో ఒక తాడు కూడా లేదు.

ఆ తాడు మాటే మమ్మల్ని కదిలించింది. మమ్మల్ని అంటే ముగ్గురం: నేను, రోజూ అల్వాల్ నుంచి రైలులో వచ్చే నా క్లాసు స్నేహితురాలు, మేడ్చల్ డిపో దగ్గర ఫ్లెక్సీల దుకాణం నడిపే మా పెద్దనాయిన కొడుకు. లారీ ట్యూబులు పంక్చర్ షాపుల్లో పాతవి దొరుకుతాయి. వాటికి నైలాను తాడు కట్టి, ప్రతి గుంత ఒడ్డునా ఒక గుంజ పాతి తగిలిస్తే చాలు, ఈసారి ఒడ్డున నిలబడ్డవాళ్లు ఉత్త చేతులతో ఉండరు. ఆలోచన అంతే, ఒక్క వాక్యంలో చెప్పగలిగినంత చిన్నది. అది అంతటితో ఆగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

కానీ అన్న దుకాణంలో కూర్చున్నాం. సిరా వాసన వేసే ఆ ఇరుకు గదిలో, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మధ్య, మా సంఘానికి నామకరణం మొదలైంది.

"పేరు లేకుంటే పంచాయతిల కుర్సీ గూడ ఎయ్యరు చెల్లె," అన్నాడు అన్న. "పేరు గావాలె, బొమ్మ గావాలె, రంగు గావాలె."

"నీ దుకాణానికి గిరాకీ గావాలె అని జెప్పన్నా," అంది స్నేహితురాలు.

అన్న పట్టించుకోకుండా ఒక కాగితం తీసి గట్టిగా చదివాడు: గ్రామీణ యువజన జల ప్రమాద నివారణ సమితి.

"గది చదివేలోపల మునిగిపోతడన్నా!"

అన్నాక స్నేహితురాలు నాలుక కరుచుకుంది. ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ముందు నేనే నవ్వాను. తమ్ముడు పోయాక అదే నా మొదటి నవ్వు, నవ్వుతూనే ఏడ్చాను కూడా. ఆ పూటే "ఒడ్డు" అన్న చిన్న పేరు కుదిరింది.

చిన్నమ్మకు చెప్పకుండా మొదలుపెట్టడం బాగుండదని వాళ్లింటికి వెళ్లాం. ఆమె అంతా విని, లోపలికి వెళ్లి పెట్టెలోంచి తమ్ముడి ఫొటో తెచ్చింది. నీలి గళ్ల చొక్కా, పక్కకు దువ్విన తల, కెమెరా ముందు బిగుసుకుపోయిన ముఖం. "వీని ఫొటో పెట్టుండ్రి బిడ్డా. సూసినోడు ఆగుతడు," అంది. తప్పకుండా పెడతామన్నాం. మాట ఇచ్చినప్పుడు మనసులో వేరే ఉద్దేశం లేదు, అది నిజం.

అన్న దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. మా ప్రాంతంలో ఫ్లెక్సీ మీద మనిషి ముఖం ఉందంటే అది పుట్టినరోజు అన్నా కావాలి, శ్రద్ధాంజలి అన్నా కావాలి. అన్న దుకాణంలో సగం పని అదే. "గిది పెడితే శ్రద్ధాంజలి అనుకొని దండం బెట్టి పోతరు చెల్లె. ఆగి చదవరు," అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. పైగా, ప్రతి గుంత దగ్గరా వాడి ముఖం చూడటం నావల్ల కాదని కూడా అనిపించింది, అది మాత్రం పైకి చెప్పలేదు. రికార్డు పుస్తకం వెనక అట్ట మీద ఒక చేపను గీశాను. నడుముకు లారీ ట్యూబు, బుగ్గలు ఉబ్బించి ఇంత పెద్ద నవ్వు. "అబ్బ, ముద్దొస్తాందే!" అంది స్నేహితురాలు. క్వారీవాళ్లు పెట్టిన పుర్రె బొమ్మ రేకులు తుప్పుపట్టి ఎవరికీ కనబడక పడి ఉండేవి. మా బొమ్మ దూరం నుంచే కళ్లు లాగాలని అనుకున్నాం. లాగింది.

నారింజ రంగు చొక్కాలు కుట్టించుకున్నాం. నాలుగు గుంతల దగ్గర ఫ్లెక్సీ బోర్డులు నిలబెట్టాం. రోడ్డుకు దూరంగా, దేవరయాంజాల్ వైపు ఉన్న అయిదో గుంత దగ్గర గుంజ పాతడానికి మట్టి లేక, నేనే ఆయిల్ పెయింటు డబ్బా పట్టుకుని ఎండలో ఒక పూటంతా నిలబడి బండ మీదే చేపను వేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా మరో పని చేయలేదు. ప్రారంభోత్సవానికి పెద్దమనుషులు వచ్చి రిబ్బను కత్తిరించారు. మా పేజీకి లైకులు రోజూ పెరిగేవి. ఆటోల వెనక, బైకుల మీద, కాలేజీ గోడ మీద మా చేప స్టిక్కర్లు కనబడేవి. కొన్నాళ్లకు గుంత కంటే చేపే పెద్దదైపోయింది.

ప్రారంభోత్సవం నాడు చిన్నమ్మ కూడా వచ్చింది. బోర్డును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. దేనికోసం వెతుకుతున్నదో నాకు తెలుసు. గుంజకు తగిలించిన ట్యూబును ఒకసారి తడిమి, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ట్యూబుల్లో గాలి ఉందో లేదో చూడటానికి ముగ్గురం వెళ్లాం. ఆ గుంతల మధ్య మేకలు కాసే ఒక ముసలామె ఉండేది, మేకలవ్వ అనేవాళ్లం. బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు ఎవరు కనబడినా "మీ అమ్మకు జెప్పే వచ్చినవా బే? ఎవని కొడుకువు నువ్వు?" అని ఆకు కోసే పొడవాటి కట్టె ఎత్తి తరిమేది. ఆ రోజు మమ్మల్ని చూసి బోసినోటితో నవ్వింది.

"మీ చేప మంచిగుంది బిడ్డా. మస్తు మందిని పట్టుకొస్తాంది."

మెచ్చుకున్నదేమో అనుకుని నేను మురిసిపోయాను. రెండు అడుగులు వేస్తే తెలిసింది. బోర్డు చుట్టూ పదిహేను మంది పిల్లలు, చేపతో పోటీపడి బుగ్గలు ఉబ్బిస్తూ ఫొటోలు దిగుతున్నారు. గుంజ ఖాళీగా ఉంది. ట్యూబు ఒడ్డుకు కాస్త దూరంగా నీళ్ల మీద ఉంది, దాని మీద ఒక కుర్రవాడు కాళ్లు ఊపుతూ. మేం అరిచేలోపే అది బోర్లాపడింది. వాడు చేతులు కొట్టుకుంటుంటే ఒడ్డున ఉన్నవాళ్లు వాడు యాక్టింగ్ చేస్తున్నాడనుకుని పగలబడి నవ్వారు. అన్న తాడు కోసం చూశాడు. తాడు ట్యూబుతోపాటే నీళ్లలో ఉంది. మేకలవ్వ మమ్మల్ని తోసుకుంటూ వచ్చి, బండ అంచున బోర్లా పడుకుని, తన కట్టె చాపింది. వాడు అందుకున్నాడు. పైకి లాగాక ఆమె వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసి, తర్వాత తన కొంగుతో వాడి తల తుడిచింది.

ఎన్నో ఏళ్లుగా బడి ఎగ్గొట్టిన ఒకరిద్దరు తప్ప ఎవరూ రాని ఆ గుంతకు వాళ్లను తీసుకొచ్చింది మేం.

బోర్డులు తీసేద్దామంది స్నేహితురాలు. "ఇప్పుడిప్పుడే పేరొస్తాంది," అన్నాడు అన్న. ఇద్దరూ నా వైపు చూశారు. నేను వారం రోజులు ఆలోచిద్దామన్నాను. ఆ వారంలో ఎవరికీ ఏమీ కాకపోవడం నా తెలివి కాదు, నా అదృష్టం. వారం తర్వాత నాలుగు ఫ్లెక్సీలూ దింపేశాం. బండ మీది చేపను చెరపడానికి వచ్చే ఆదివారం వస్తానన్నాను. ఆ తర్వాత పరీక్షలు, ఉద్యోగం, పెళ్లి. ఒక మేలు పని మొదలుపెట్టడానికి ముగ్గురం ఉరుకులు పెట్టాం గాని, చేసిన పొరపాటును చెరపడానికి నాకొక్కదానికి ఒక ఆదివారం దొరకలేదు.

ఇప్పుడు అటు చూస్తే ఊరే మారిపోయింది. మేకలవ్వ పోయి చాలా ఏళ్లయింది, మేకలు మేసిన చోట అపార్టుమెంట్లు లేచాయి, మా ఇల్లు కూడా అందులో ఒకటి. గేటు దగ్గర కాపలా మనిషి లోపలికి వచ్చే బండ్ల నంబర్లు రాసుకుంటాడు. బయటికి పోయే పిల్లలను ఎవని కొడుకువని అడిగేవాళ్లు లేరు. అప్పట్లో పిల్లల్ని కాపాడింది మా బోర్డులనుకున్నాం. కాపాడింది ఒక ముసలామె కళ్లు, ఒక కట్టె.

ఇక్కడిదాకా రాసి పడుకున్నాను. తెల్లవారాక నా సర్టిఫికెట్ల ఫైలు తీసి, చిన్నమ్మ ఇచ్చినప్పటినుంచి పదమూడేళ్లుగా అందులో ఉన్న తమ్ముడి ఫొటోను పాలగ్లాసుల పక్కన పెట్టి, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను.

"ఎవరు మమ్మీ?" అన్నాడు వాడు.

"మీ మామ. నా తమ్ముడు. గసొంటి గుంతలనే మునిగిపోయిండు."

"ఈత రాదా?"

"మస్తు వచ్చు. ఎక్కనీకె జాగ దొరకలే."

వాడు ఫొటోను దగ్గరికి లాక్కున్నాడు. చెల్లెలు వాడి భుజం మీదినుంచి తొంగి చూసింది. తమ్ముడి పేరు చెప్పి, ఇద్దరి చేతా ఒకసారి అనిపించాను. తర్వాత ఇలా చెప్పాను:

"గా చేపను గీసింది నేనే. నవ్వు గూడ నేనే పెట్టిన, పెట్టాల్సింది గాదు. ఇయ్యాల ఫ్లెక్సీల దుకాణం పెద్దమామను తోల్కపోయి చెరిపేసొస్త. ఇగ మీ దోస్తులు ఎవరన్న చేప కాడికి పోదాం రాండ్రి అంటే, ఆడ చేప లేదు, మా మామ పోయిన గుంత అసొంటిదే అది అని చెప్పుండ్రి. చెప్పి, వాళ్లను గూడ చెయ్యి పట్టుకొని ఇంటికి తోల్కరాండ్రి."