కోర్సు పేరు నమ్మని మాస్టారు

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గురించి వాదన నడుస్తుండగా, మధ్యలో మాస్టారి కూతురు పెట్టిన కబురు కనిపించింది. "నాన్నగారు ఈ ఉదయం వెళ్ళిపోయారు." ఆ తర్వాత పార్కింగ్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

తెనాలి వైపు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరై, ఈ దేశం వచ్చి మా పై వాటాలో కూతురి దగ్గర ఉండేవారాయన. ఏ కాగితం చేతికొచ్చినా మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. మా ఇంటికొస్తే నెయ్యి సీసా మీది అక్షరాలు కూడా వదిలేవారు కాదు.

ఆ గుణమే ఇక్కడి పిల్లలకు పనికొచ్చింది. మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో, కాలేజీలో చదివిన ప్రతి కోర్సూ ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో పిల్లలే రాయాలి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు కలిపి సైన్స్ జీపీఏ, అంటే ఆ గ్రేడుల సగటు, విడిగా కడతారు. కోర్సుల పేర్లేమో ఏ సబ్జెక్టుకీ లొంగవు. మాస్టారు పెన్సిల్ పట్టుకుని, "పేరు సంగతి వదిలెయ్. క్లాసులో ఏం చేశారో చెప్పు" అనేవారు. సంగీతం మీద కోర్సు తీసుకున్న ఒకబ్బాయి పాఠాల పట్టిక అంతా చదివి, సగానికి పైగా తరంగాల లెక్కలేనని తేల్చి, ఫిజిక్స్‌లో రాయించారు.

మా అమ్మాయి వంతు వచ్చింది. మనుషుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆంత్రోపాలజీ కోర్సులో దానికి సి గ్రేడు వచ్చింది. అది సోషల్ సైన్స్‌లోకి పోతే సైన్స్ జీపీఏ చెక్కుచెదరదు.

"అందరూ సోషల్‌లోనే పెడుతున్నారండీ మాస్టారూ" అన్నాను.

ఆయన అమ్మాయి వైపు తిరిగి అడిగారు. "ఏం చేశారమ్మా క్లాసులో?"

"బోన్స్ మెజర్ చేశాం తాతగారూ. స్కల్స్ కంపేర్ చేశాం. జెనెటిక్స్ కూడా ఉంది."

"మరి ఎముకలు కొలిచి సోషల్ అంటే ఎట్లాగమ్మా?"

"జీపీఏ పడిపోతుందండీ" అన్నాను నేను.

"పడితే మళ్ళీ లేపుకుంటుంది" అన్నారాయన. అమ్మాయి నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది, బయాలజీ అని రాసేసింది.

ఆ ఏడు సీటు రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం మాస్టారి వల్లేనని తేల్చేసుకున్నాను. మెట్ల మీద ఎదురైతే ఫోన్ చూసుకుంటూ దిగిపోయేదాన్ని. పిల్ల భవిష్యత్తు ఆయన చాదస్తానికి బలైపోయిందని మా ఆయన దగ్గర ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మరుసటి ఏడు, ఆ సి గ్రేడు బయాలజీలోనే ఉండగా, సీటు వచ్చింది. ఆయనకు మిఠాయి తీసుకెళ్ళాను గానీ, నోరు తెరిచి తప్పయిందని చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినే మనిషి లేకుండా పోయాక.

ఆ రెండు అప్లికేషన్ల మధ్య, సైన్స్ జీపీఏ లేపుకోవడానికి అమ్మాయి శరీర నిర్మాణం చెప్పే అనాటమీ కోర్సులో చేరింది. చేరిన వారానికే మాస్టారు మా తలుపు తట్టారు. నేను మాట్లాడటం మానేసి అప్పటికి రెండు నెలలు.

"నా వల్లే రాలేదని మీరనుకుంటున్నారు. అయ్యుండొచ్చమ్మా" అన్నారు. "పిల్ల ఉందా?"

నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, స్వెట్టర్ చెయ్యి పైకి మడిచి, తన చేతిని అమ్మాయి ముందు చాపారు.

"మణికట్టులో ఎనిమిది ఎముకలుంటాయి. ఒక్కొక్కటే పట్టుకుని పేరు చెప్పు."

"నొప్పి వస్తుందేమో తాతగారూ."

"నొక్కకపోతే తెలియదు తల్లీ."

అమ్మాయి రెండు చేతులతో ఆ సన్నటి మణికట్టు పట్టుకుంది. మూడు చెప్పింది. నాలుగోదాని దగ్గర ఆగిపోయింది. వంటింట్లోంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. మాస్టారు తొందరపెట్టలేదు, పేరు అందించలేదు. చెయ్యి అలాగే చాపి, అమ్మాయి వేళ్ళు వెతుక్కునేంతసేపూ కదలకుండా కూర్చున్నారు.